కారే చుక్కకూ క్యాలెండరుంది

వానలు దండిగా కురిసే అండమాన్ రాజధానిలో కుళాయి మాత్రం వంతుల వారీగానే వస్తుంది. అక్కడ ఇంట్లో లీకేజీని పట్టుకోవడం ఒక్క ఇంటి గొడవ కాదు, వీధి మొత్తం నీటి లెక్క

ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. అనంతపురంలో అంత వాన చూడాలంటే అయిదేళ్లు ఆగాలి. అయినా అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరులో పేరు మార్చేదాకా పోర్ట్‌బ్లెయిర్) ఎండలు మొదలయ్యేసరికి ఇంటింటా వినిపించే ప్రశ్న ఒకటే: ఇవాళ మన వీధికి నీళ్ల వంతా, కాదా? రోజు విడిచి రోజు, కొరత ముదిరితే అంతకంటే ఎడంగా, కాసేపు వచ్చే నీటితో సంపు, పైట్యాంకు, డ్రమ్ములు, బకెట్లు అన్నీ నింపుకోవాలి. వంతు ముగిశాక ఇంట్లో ఉన్నదే ఆధారం.

అలాంటి చోట రాత్రి నిండుగా ఉన్న ట్యాంకు తెల్లారేసరికి జానెడు దిగిందంటే చిన్న విషయం కాదు. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులో జానెడంటే సుమారు 200 లీటర్లు. మురుగునీటి పైపుల వ్యవస్థ లేని పట్టణాల్లో మనిషికి రోజుకు 70 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి కావలసింది 280 లీటర్లు. అంటే ఎవరూ కుళాయి తిప్పకుండానే దాదాపు ముప్పావు రోజు నీళ్లు కారిపోయినట్టు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో లీకేజీ అంటే గోడ మీద మరక, నెలాఖరులో బిల్లు. ఇక్కడ అది ఎల్లుండి స్నానం.

పుట్టుకతోనే కొరత

ఈ ఊరికి నీటి బెంగ కొత్తది కాదు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగినప్పుడు మొదట ఎంచుకున్న చోటు చాథమ్ దీవి. తాగునీరు చాలక మకాం రాస్ దీవికి మార్చవలసి వచ్చింది. ఊరి చరిత్రలో తొలి పాలనాపరమైన నిర్ణయాల్లో ఒకటి నీళ్ల కోసం తీసుకున్నదే.

ఇంత వాన కురిసే చోట కొరత ఎందుకంటే జవాబు నేల వాలులో ఉంది. దీవులు సన్నగా, కొండలతో నిండి ఉంటాయి. గోదావరి, కృష్ణల లాంటి పొడవాటి నదులకు చోటే లేదు. పడ్డ వాన వాగుల్లో పడి కొద్ది గంటల్లోనే సముద్రం చేరుతుంది. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడుపుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం దాదాపు మూతపడుతుంది. ఆ నాలుగు నెలలకూ 1970లలో కట్టిన ధనిఖరీ జలాశయమే నగరానికి ప్రధాన ఆధారం. అది కట్టిన నాటి ఊరు వేరు. 2011 జనగణన నాటికే నగర జనాభా లక్ష దాటింది. పర్యాటకులు, హోటళ్లు అదనం.

ఈ లెక్కలో తెలుగువారి వాటా తక్కువేమీ కాదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి, తర్వాత ఉద్యోగాలకు, వ్యాపారాలకు ఓడ ఎక్కి వచ్చినవారి సంతతి ఇక్కడ స్థిరపడిపోయింది. 2011 లెక్కల ప్రకారం దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. 2022 నగరపాలక ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ 2 వార్డులు గెలిచింది, మరుసటి ఏడాది బీజేపీ మద్దతుతో ఛైర్‌పర్సన్ పదవినీ దక్కించుకుంది. ఏ జెండా ఎగిరినా వార్డులో అడిగే మొదటి ప్రశ్న మాత్రం నీళ్ల గురించే.

మీటరు చెప్పని నిజం

ఇంట్లో లీకేజీ ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రపంచమంతా చెప్పే చిట్కా ఒకటుంది. కుళాయిలన్నీ కట్టేసి మీటరు రీడింగ్ రాసుకోవాలి. రెండు గంటల తర్వాత మళ్లీ చూడాలి. అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. లండన్‌లోనో సింగపూర్‌లోనో ఇది చక్కగా పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ పైపులో 24 గంటలూ నీళ్లుంటాయి.

వంతుల వారీ సరఫరా ఉన్న ఊళ్లో ఈ చిట్కా సగమే పనికొస్తుంది. పైపు ఖాళీగా ఉన్నప్పుడు మీటరు చెప్పేదేమీ ఉండదు. నీళ్లు వచ్చే ఆ కాసేపూ సంపు నిండుతూనే ఉంటుంది కాబట్టి ముల్లు తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మీటరు దాటి సంపులో పడ్డ నీరు మీటరు దృష్టిలో వాడుకున్న నీరే. ఆ తర్వాత అది సంపు పగులులో ఇంకిపోయినా, పైట్యాంకు నుంచి పొంగిపోయినా, ఫ్లష్ ట్యాంకులోంచి జారిపోయినా దానికి పట్టదు. వంతుల ఊళ్లలో ఇంటి నష్టంలో అధిక భాగం జరిగేది సరిగ్గా అక్కడే.

కానీ అదే వంతు మరో రకంగా అక్కరకొస్తుంది. 24 గంటలూ నీళ్లుండే ఇంట్లో తడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కారణం చెప్పదు. వంతుల ఇంట్లో ప్రతి తడికీ ఒక వేళ ఉంటుంది. నీళ్లు వచ్చిన రోజే తడిసే గోడ వేరు, వానకు మాత్రమే తడిసే గోడ వేరు. వంటింటి గోడకు వేలాడే క్యాలెండరు మీద పది రోజుల పాటు నీళ్లు వచ్చిన రోజుకు ఒక గుర్తు, వాన పడ్డ రోజుకు ఒక గుర్తు, తడి కనిపించిన రోజుకు ఒక గుర్తు పెడితే చాలు. గోడ పగలగొట్టకముందే లీకేజీ ఏ పైపుదో చాలావరకు తేలిపోతుంది.

వీధి కుళాయి వచ్చిన రోజున మాత్రమే గేటు దగ్గర, మెట్ల కింద నేల చిత్తడిగా ఉంటే దోషి వీధి పైపు నుంచి సంపు దాకా వచ్చే లైను. వంతుతో నిమిత్తం లేకుండా రోజూ ఒకే చోట తడి ఉంటే పైట్యాంకు నుంచి దిగే పైపు. మోటారు వేసిన కాసేపటికి గోడ వెంట సన్నని ధార కనిపిస్తే సంపు నుంచి పైకెక్కే పైపు, లేదా పొంగుతున్న ట్యాంకు. స్నానాలు, బట్టలు ఉతకడం అయ్యాక కింది గది పైకప్పు చెమరిస్తే అది మంచినీటి లీకేజీ కాదు, స్నానాల గది నేలలోంచో మురుగు పైపులోంచో దిగుతున్న నీరు. వాన తర్వాత ఒకటి రెండు రోజులకు మరక పెద్దదైతే కారణం శ్లాబు, లేదా వాన కొట్టే వైపు గోడ.

ఒక చిక్కు మిగులుతుంది. దీవుల్లో గాలి ఏడాదిలో ఎక్కువ కాలం తేమతో బరువుగా ఉంటుంది. చల్లని గోడకు ఆ తేమే పట్టి నీటి చుక్కలుగా మారుతుంది. లీకేజీ లేకుండానే గోడ తడుస్తుంది, బూజు పడుతుంది. తేడా తెలుసుకోవడానికి జానెడు ప్లాస్టిక్ కాగితం తీసుకుని, గోడ మీది చెమ్మను పొడిగుడ్డతో తుడిచి, నాలుగు అంచులా టేపుతో అంటించి ఒకరోజు ఉంచాలి. చెమ్మ కాగితం పైన పడితే అది గదిలోని గాలిది, కిటికీలు తెరిస్తే సరిపోతుంది. కాగితం వెనక పడితే గోడ లోపలిది, ప్లంబర్‌నో మేస్త్రీనో పిలవవలసిందే.

ఒక రాత్రి పరీక్ష

తడి ఎక్కడా బయటపడని లీకేజీలూ ఉంటాయి. వాటిని పట్టడానికి ఖర్చులేని పద్ధతి వరుసగా మూయడం, తెరవడం. వంతు ముగిసి, మోటారు ఆపి, ట్యాంకు నిండిన రాత్రి దీనికి అనువైనది.

మొదటి రాత్రి పైట్యాంకులోకి వచ్చే పైపునూ, కిందికి దిగే పైపు మొదట్లో ఉండే గేట్‌వాల్వ్‌నూ కట్టేయాలి. నీటి మట్టం దగ్గర ట్యాంకు లోపలి గోడకు గుర్తు పెట్టాలి. పొద్దున మట్టం దిగితే ట్యాంకుదే తప్పు, లేదా గేట్‌వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. మట్టం కదలకపోతే రెండో రాత్రి గేట్‌వాల్వ్ తెరిచి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకులకు వెళ్లే చిన్న వాల్వులను కూడా మూసి మళ్లీ చూడాలి. ఇప్పుడు దిగితే పైపులోనో, మూసినా కారే కుళాయిలోనో తేడా ఉంది. మూడో రాత్రి ఫ్లష్ వాల్వులు మాత్రమే తెరవాలి. అప్పుడు దిగితే లోపం మరుగుదొడ్డిలో. మూతపెట్టిన ట్యాంకులో ఒక్క రాత్రిలో ఆవిరయ్యే నీరు లెక్కలోకి రాదు. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే 8 నుంచి 10 లీటర్లు పోయినట్టు.

సంపుకూ ఇదే పద్ధతి. అక్కడ లెక్క ఇంకా భారీ. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న సంపులో సెంటీమీటరు దిగితే 30 లీటర్లు పోయినట్టు. సంపు సగం దాకా దిగి అక్కడితో ఆగిపోతే పగులు ఆ మట్టం దగ్గరే ఉందని అర్థం. వెతకవలసిన చోటును నీరే గీసి చూపిస్తుంది. వానాకాలంలో దీనికి విరుద్ధంగా మట్టం దానంతటదే పెరిగితే సంబరపడకూడదు. బయటి నేలలోని నీరు, బహుశా పక్కనున్న సెప్టిక్ ట్యాంకు నీరు కూడా, లోపలికి ఊరుతోందన్నమాట.

మిగిలింది వీధి పైపు నుంచి సంపు దాకా ఉన్న భాగం. దీన్ని వంతు సమయంలోనే చూడాలి. నీళ్లు వస్తుండగా సంపు దగ్గరి వాల్వును కట్టేసి మీటరు ముల్లును గమనించాలి. నీటికి దారి లేనప్పుడూ అది తిరుగుతుంటే మధ్యలో ఎక్కడో నేలలోకి పోతోంది. మీటరు లేని చోట పాత ప్లంబర్ల ఉపాయం ఉంది. ఇనుప ఊచ ఒక కొనను పైపుకు, రెండో కొనను చెవికి ఆనించి వింటారు. నిలిచిన నీరు మాట్లాడదు. కారే నీరు సన్నగా ఈల వేస్తుంది.

చప్పుడు చేయని దొంగ

కంటికి కనబడే దోషి కుళాయి. సెకనుకో చుక్క చొప్పున కారితే రోజుకు 20 లీటర్ల పైమాటే. వాన లేని నాలుగు నెలల్లో 2,400 లీటర్లు, రెండు ట్యాంకులకు మించి. చాలాసార్లు మందు ఒక్క రబ్బరు వాషరే. వాషరు మార్చకుండా కుళాయిని బలంగా బిగిస్తే లోపలి కూర్చునే చోటు అరిగి, ఆ తర్వాత కుళాయినే మార్చవలసి వస్తుంది.

కంటికి కనబడనిది ఫ్లష్ ట్యాంకు. అడుగున ఉండే రబ్బరు బిళ్ల గట్టిపడినా, ఉప్పు పట్టినా సరిగా మూసుకోదు. నీరు బేసిన్ వెనక గోడ వెంట పొరలా జారుతుంది. చప్పుడు ఉండదు, తడి కనబడదు. ఇలా రోజుకు వందల లీటర్లు పోగలవు. పట్టుకోవడానికి బట్టలకు వాడే నీలిమందు చాలు. ఫ్లష్ ట్యాంకులో కొద్దిగా కలిపి అరగంట పాటు ఫ్లష్ నొక్కకుండా ఉంచాలి. బేసిన్‌లో నీలిరంగు కనబడితే దొంగ దొరికినట్టే. ఈ లీకేజీకి రెండో శిక్ష కూడా ఉంది. ఆ నీరంతా చేరేది ఇంటి సెప్టిక్ ట్యాంకులోకి. మలినం అడుగున తేరుకునే వ్యవధి లేకుండా అది నిండి పొంగుతుంది. పైన ట్యాంకు ఖాళీ, కింద ట్యాంకు పొంగు. రెండింటికీ కారణం ఒకే రబ్బరు బిళ్ల.

మూడోది పైట్యాంకులోని బంతి వాల్వు. వంతుల ఊళ్లలో దాని బాధ్యత పెద్దది. నీళ్లు ఏ అర్ధరాత్రో తెల్లవారుజామునో వస్తే ఎవరో ఒకరు లేచి చూసుకోవాలి, లేదా వాల్వును నమ్మాలి. బంతిలోకి నీరు చేరి మునిగిపోయినా, ఇత్తడి చేయి బిగుసుకుపోయినా ట్యాంకు గంటల తరబడి పొంగుతుంది. పొంగు పైపును ఎవరికీ కనబడని ఇంటి వెనక్కి తిప్పి పెట్టడం సర్వసాధారణం. దాన్ని వాకిట్లో, అందరి కళ్ల ముందు పడేలా పెట్టడం ఏ పరికరం కన్నా మంచి అలారం. వంతు లేని రోజుల్లో కుళాయి తిప్పి చూసి, నీళ్లు రాక, కట్టడం మరిచి వెళ్లిపోయే అలవాటుదీ అదే కథ. నీళ్లు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు.

ఉప్పు, భూకంపం

అండమాన్ ఇళ్లకు మెయిన్‌ల్యాండ్‌లో అంతగా లేని శత్రువులు ఇద్దరున్నారు. మొదటిది ఉప్పుగాలి. జస్తు పూత వేసిన జీఐ పైపులు మరలు కోసిన చోట పూత పోయి ముందుగా తుప్పు పడతాయి. బయటికి గట్టిగా కనిపించే పైపు జాయింటు దగ్గర వేలితో నొక్కితే పెచ్చులూడుతుంది. ఇనుప పైపుకు ఇత్తడి కుళాయి నేరుగా బిగిస్తే రెండు లోహాల మధ్య తడిలో ఇనుము ఇంకా వేగంగా తినేస్తుంది. అందుకే కొత్త ఇళ్లలో పీవీసీ, సీపీవీసీ పైపులు వచ్చాయి. వాటికి తుప్పు లేదు కానీ ఎండ పడదు. డాబా మీద ఎండకు వదిలేసిన ప్లాస్టిక్ పైపు కొన్నేళ్లకు పెళుసెక్కి తట్టగానే పగులుతుంది. రంగు వేయడమో, గుడ్డ చుట్టడమో, నీడన నడపడమో తప్పదు.

ఉప్పు కథ పైపులతో ఆగదు. ఒకప్పుడు ఈ దీవుల్లో ఇళ్లకు సముద్ర తీరపు ఇసుకనే వాడారు. తీరం కోసుకుపోతోందని 2002లో సుప్రీంకోర్టు, షేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల మేరకు, ఆ తవ్వకాన్ని దశలవారీగా తగ్గించమంది. అప్పటికే కట్టిన ఇళ్ల కాంక్రీటులో ఆ ఇసుక ఉప్పు మిగిలే ఉంది. అలాంటి శ్లాబులోకి లీకేజీ నీరు దిగితే లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. పైకప్పు మీద చువ్వ వెంట సరళరేఖలా పగులు, దాని మీద ఎర్రటి మరక కనబడితే అది సున్నం వేసి కప్పేసే విషయం కాదు. ముందు నీటి దారి మూయాలి, ఆ తర్వాత పెచ్చులు తీసి చువ్వను శుభ్రం చేసి మరమ్మతు చేయాలి. ఈ క్రమం తప్పితే ఖర్చు రెండింతలు.

రెండో శత్రువు భూకంపం. దీవులు మొత్తం దేశంలోకెల్లా తీవ్రమైన అయిదో భూకంప మండలంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీట మునిగాయి. అంత పెద్దది మళ్లీ రాకపోయినా చిన్న ప్రకంపనలు మామూలే. నేల కదిలినప్పుడు ముందుగా తెగేది పైపు గోడలోకి దూరే చోట, సంపు గోడలోంచి బయటికి వచ్చే చోట. అక్కడ సిమెంటుతో బిగదీయకుండా కాస్త వదులు ఇచ్చి సాగే గుణమున్న పదార్థంతో నింపితే పైపు బతుకుతుంది. ప్రకంపన తెలిసిన ప్రతిసారీ సంపు మట్టం పరీక్ష ఒకసారి చేయడం మంచి అలవాటు.

రబ్బరు ముక్క నుంచి మేస్త్రీ దాకా

లీకేజీ దొరికాక మొదటి పని వాల్వు కట్టడం. ఇందుకు ఇంట్లో అందరికీ వాల్వు ఎక్కడుందో తెలియాలి, అది తిరగాలి. ఏళ్ల తరబడి ముట్టని గేట్‌వాల్వ్ అవసరమైన రోజున తిరగనని మొరాయిస్తుంది. నెలకోసారి ఒకసారి మూసి తెరిస్తే ఆ చిక్కు రాదు. పైపు పగిలితే ప్లంబర్ వచ్చేలోగా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పైన క్లాంపు బిగిస్తే ధార ఆగుతుంది. మరల దగ్గర కారితే విప్పి టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టాలి. ఎం-సీల్ లాంటి రెండు ముద్దల పదార్థం పొడిగా ఉన్న చోటే పట్టు నిలుపుకుంటుంది. తడి మీద అద్దితే వారం తిరిగేసరికి ఊడుతుంది. ఇవన్నీ గడువు కొనుక్కోవడానికే.

సంపు పగులును బయటి నుంచి పూడిస్తే లాభం తక్కువ. ఖాళీ చేసి, పగులును ఉలితో కాస్త వెడల్పుగా తెరిచి, కుంచించుకుపోని సిమెంటు మిశ్రమంతో నింపి, లోపలి గోడకు తాగునీటి ట్యాంకులకు పనికొచ్చే పూత వేయాలి. నీళ్లు ఎలాగూ అట్టడుగున ఉండే జనవరి, ఫిబ్రవరిలో ఈ పని పెట్టుకోవాలి. శ్లాబు పని కూడా అప్పుడే. మేలో నల్లమబ్బు కనబడ్డాక మేస్త్రీ కోసం వెతికితే దొరకడు. శ్లాబు మీద పూత కన్నా ముందు చూడవలసింది పిట్టగోడ మొదలు, వాననీరు దిగే తూము. ఆకులు అడ్డుపడి నీరు నిలిచిన చోటే ముందుగా కారుతుంది. రేకుల ఇళ్లలో లోపం సాధారణంగా మేకు దగ్గర, దాని కింది వాషరు ఎండకు చిట్లడం వల్ల.

ఇక్కడ వాడే పైపులు, వాల్వులు చాలావరకు చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి ఓడ మీద రావలసిందే. కొలత తేడా వస్తే మార్చుకోవడానికి వ్యవధి పడుతుంది. అందుకే నాలుగు వాషర్లు, ఒక బంతి వాల్వు, ఒక రబ్బరు బిళ్ల, టేపు చుట్ట ఇంట్లో ఉంచుకోవడం ఈ ఊళ్లో పిసినారితనం కాదు, ముందుచూపు.

బయటికి పోయే దారే లోపలికి వచ్చే దారి

నీళ్లు వృథా కావడం ఒక ఎత్తు, రోగం మరో ఎత్తు. నిండా ఒత్తిడి ఉన్న పైపుకు చిల్లు పడితే నీరు బయటికి పోతుంది. వంతు ముగిసి పైపు ఖాళీ అవుతుంటే అదే చిల్లు బయటి మురికిని లోపలికి పీలుస్తుంది. కొండవాలు మీద కట్టిన ఊరిలో ఎగువ ఇళ్ల పైపులు ముందు ఖాళీ అవుతాయి. పీల్చుడు అక్కడే ఎక్కువ. ఎవరైనా వీధి పైపుకే నేరుగా మోటారు బిగించి లాగితే ఆ పీల్చుడు ఇంకా బలంగా ఉంటుంది, పొరుగిళ్ల పైపుల్లోకి కూడా మురుగు చేరుతుంది. మురుగు కాలువలో మునిగి నడిచే ఇంటి పైపు ఒక్కటి చాలు.

తెలుగు నేలకు ఈ పాఠం ప్రాణాల ఖరీదుతో వచ్చింది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన కుళాయి నీరు తాగి జనం చనిపోయారు. అందుకే వంతు మొదలైన తొలి నిమిషాల నీటిని తాగడానికి పట్టకూడదు. మొక్కలకో నేల కడగడానికో వాడాలి. రంగు, వాసన తేడా కనబడితే కాచడంతో సరిపెట్టకుండా నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేయాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. క్లోరిన్ పరీక్షలో అది లేదని తేలితే దారిలో ఏదో కలిసిందని అనుమానించాలి.

ఎవరి గీత ఎక్కడ

లీకేజీ దొరికాక బాగు చేసేదెవరన్నది అసలు పేచీ. వీధి పైపు ప్రభుత్వానిది, అక్కడి నుంచి ఇంటికి వచ్చే సన్నని పైపు ఇంటివారిది అన్నది దేశమంతటా సాధారణ నియమం. ఎక్కువ లీకేజీలు సరిగ్గా ఆ సన్నని పైపులోనే. అది ఇంటివారి ఆవరణ బయట రోడ్డు కింద ఉంటుంది కాబట్టి ఇంటివారు పట్టించుకోరు. ప్రభుత్వం తనది కాదంటుంది. అద్దె ఇంట్లో మరో గీత: పైపు యజమానిది, ఇబ్బంది అద్దెకున్నవారిది. ప్రభుత్వ క్వార్టర్లు ఎక్కువగా ఉన్న ఊరు కాబట్టి మూడో గీత కూడా ఉంది. ఉండేది ఉద్యోగి, మరమ్మతు శాఖది. ఫిర్యాదు పుస్తకంలో రాసి ఊరుకుంటే వాషరు కోసం వారాలు పట్టవచ్చు.

ఈ గీతను చెరిపేసిన నగరం టోక్యో. 1950ల మధ్యలో అక్కడ సరఫరా అయిన నీటిలో సుమారు 20 శాతం కారిపోయేది. వెతికితే అధిక భాగం వీధి నుంచి ఇంటికి వెళ్లే చిన్న పైపుల్లో తేలింది. నగర జల సంస్థే పూనుకుని ఆ సీసపు పైపుల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేసింది. ఇప్పుడు లీకేజీ మూడు నాలుగు శాతమే. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018లో కుళాయిలు కట్టేసే రోజుకు చేరువై, మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టినప్పుడు ఇళ్లలోని లీకేజీలను వెతికి పట్టడం నగర పాలకుల పనుల్లో ఒకటైంది. మన దేశంలోనూ లెక్కకు రాకుండా పోయే నీరు 20 శాతం మించరాదని 2008లో కేంద్రం సేవా ప్రమాణం పెట్టింది. కాగితం మీది ఆ అంకె నిజం కావాలంటే గేటు బయట ఆగిపోయే ప్రభుత్వం, గేటు లోపల ఆగిపోయే ఇంటివారు ఆ రెండు అడుగుల పైపు దగ్గర కలవాలి.

అండమాన్‌లో నీటి చర్చ ఎప్పుడూ పెద్ద పథకాల చుట్టూ తిరుగుతుంది. రట్లాండ్ దీవి నుంచి సముద్రం అడుగున పైపులు వేసి నీరు తేవాలన్న ఆలోచన ఏళ్లుగా నలిగింది. వాన నీటిని పట్టుకోవడం మరో మాట. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదిలో పడేది సుమారు మూడు లక్షల లీటర్లు. ఈ పథకాలన్నీ అవసరమే కావచ్చు. కానీ కొత్త నీరు ఏ దారిన వచ్చినా చివరికి చేరేది అదే సంపుకు, అదే బంతి వాల్వుకు, అదే రబ్బరు బిళ్లకు. సముద్రం దాటి వచ్చిన నీరైనా చిల్లు ముందు ఒకటే. కోట్ల పథకానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. వాషరు మార్చినందుకు ఏదీ ఉండదు. ఎల్లుండి పొద్దున ట్యాంకులో నీళ్లుంటాయి, అంతే.